పాంజ్రాపోలు వాకిట

నేమికుమారుడు రథమెక్కి ఉగ్రసేన మహారాజు కుమార్తె రాజీమతిని పెండ్లియాడ బయలుదేరెను. దారిలో దొడ్లలో కుక్కి కట్టివేసిన మూగజీవుల అరపులు ఆయన చెవిని బడినవి. ఇవి యెందులకు బంధింపబడినవని సారథిని అడిగెను. తమ పెండ్లి విందు కొరకే ప్రభూ అని సారథి చెప్పెను. ఆ మాట వినినంతనే కుమారుడు ఒంటిమీది సొమ్ములన్నియు తీసి సారథి చేతిలో పెట్టి, రథమును వెనుకకు మరలించి గిరనారు దారి పట్టెను.

ఈ కథ తెలియని జైన గృహము లేదు. ఐతే వినువారు సాధారణముగా రథము మరలిన చోటనే ఆగిపోవుదురు. ఆ జీవులు పిమ్మట ఏమైనవని అడుగువారు తక్కువ. అవి అడవి జీవులు గనుక కట్లు విడిన తక్షణమే అడవికి పోయి బ్రతుకగలవు. నేటి శ్రావకుడు కసాయి సంత నుండి విడిపించి తెచ్చు ముసలి ఎద్దునకు అడవి లేదు. పాలు వట్టిపోయిన గేదెకు, లారీ గుద్దగా కాలు విరిగిన ఆవుదూడకు, రెక్క తెగిన పావురమునకు పోవుటకు చోటు లేదు. వాటిని ఒక దొడ్డి నుండి విడిపించి మరియొక దొడ్డిలోనికే తెచ్చుచున్నారు. రెండవ దొడ్డికి పాంజ్రాపోలు అని పేరు, వాకిట భగవంతుని పటము, గోడమీద దాతల పేర్ల పాలరాతి పలకలు. జీవునకు మాత్రము లోపల ఏమి జరుగుచున్నదన్నదే ప్రశ్న.

దానములు నాలుగని పెద్దలు చెప్పిరి: ఆహారదానము, ఔషధదానము, శాస్త్రదానము, అభయదానము. పర్యూషణములో జీవదయ ఖాతాకు బోలీ పలుకునపుడు శ్రావకుని చేయి వెనుదీయదు. పది పశువులను విడిపింపుమన్నచో ఇరువదింటికి రశీదు వ్రాయించుకొనును. ఇది అభయదానము. ఎండుగడ్డి బండ్లకొలది తోలించును. ఇది ఆహారదానము. ఔషధదానము దగ్గరకు వచ్చుసరికి లెక్క సన్నగిల్లును. గడ్డిమోపునకు పేరు వ్రాయించుకొనువారు నూరుగురున్నచోట జ్వరమాని కొని యిచ్చువాడు ఒక్కడు దొరకుట కష్టము. పలకమీద జ్వరమాని పేరు బాగుండదు కాబోలు.

పూర్వులు ఇట్లుండలేదు. 1623లో ఇటలీ దేశపు యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే ఖంభాతు పట్టణమునకు వచ్చి అచ్చటి పక్షుల ఆసుపత్రిని చూచి తన యాత్రా లేఖలలో వ్రాసి పెట్టెను. తల్లి లేని చిట్టెలుక పిల్లలు కొన్ని అచట నుండెనట. తెల్లగడ్డపు వృద్ధుడొకడు వాటిని పెట్టెలో దూది నడుమ నుంచి, ముక్కున కండ్లద్దములు పెట్టుకొని, పక్షి ఈకతో పాలు అందించుచుండెనట. పాలు ఎక్కువైన పిల్ల ఉక్కిరిబిక్కిరియగును, తక్కువైన నీరసించును, అందుచేత ఈక. ఆ వృద్ధుని పేరేమో ఎవరికిని తెలియదు. 1834లో బొంబాయిలో జంషెడ్జీ జీజీభాయి అను పార్సీ పెద్దయు, అమీచంద్ షా మున్నగు వర్తకులును కలిసి పాంజ్రాపోలు నెలకొల్పిరి. అంతకు రెండేండ్ల ముందు వీధికుక్కలను చంపించుటపై ఆ నగరములో పెద్ద అలజడి రేగియుండెను. మతములు వేరైనను దయ ఒక్కచోట కూర్చున్నది.

ఇక వాకిటి సంగతి. రాత్రి పదునొకండు గంటలకు ఒక లారీ వచ్చినదనుకొనుడు. పోలీసువారు పట్టి పంపిన పశువులు ఇరువది. ఒకదానిమీద ఒకటి పడి వచ్చినవి, రెండు దినములుగా నీరు లేదు. కావలివాడు తలుపు తీయును, పశువులను లోపలి మందలోనికి తోలును, ఎవరో ధర్మాత్ముడు తొట్టినిండ కుడితి పోయించును. అందరును జీవదయ జరిగినదని తృప్తితో ఇంటికి పోవుదురు. తెల్లవారుసరికి రెండు పశువులు చచ్చి పడియుండును. పది దినములకు పాత మంద నోటివెంట చొంగ కార్చుచు, గిట్టలు మోపలేక కుంటుచుండును. ఇట్టివి జరిగినపుడు సంఘ పెద్దలు కర్మఫలమని అనుచుందురు. కర్మఫలము అవశ్యము కలదు. కాని అది ఆ పశువులది మాత్రమేనా అన్నది ఆలోచింపవలసిన మాట.

తత్త్వార్థసూత్రము హింసకు చెప్పిన లక్షణమును శ్రావకులు పాఠశాలలో నేర్చినదే. ప్రాణము పోవుట ఒక్కటే హింస కాదు. ప్రమాదముతో కూడిన ప్రవృత్తి వలన ప్రాణము పోవుట హింస. ఇచట ప్రమాదమనగా వీధిలో బండి బోల్తాపడుట కాదు, ఏమరుపాటు, అజాగ్రత్త. దయ లేనివాడే హింసకుడని లోకులు తలంతురు. దయయుండి జాగ్రత్త లేనివానిని కూడ ఆచార్యులు విడిచిపెట్టలేదు. లారీ దిగిన పశువును మందలో కలిపినవాడు దుష్టుడు కాడు, సోమరియు కాడు, అలసిపోయిన మంచివాడు. ఐనను ప్రమాదము ప్రమాదమే.

వర్తకుడు తన గిడ్డంగికి సరుకు దింపుకొనునపుడు ఏమి చేయును? బస్తా కాటాకెక్కకుండ లోపలికి పోదు. చిట్టాలో పడకుండ పోదు. తడిసిన బస్తాను వేరుగా పెట్టించును, పురుగు పట్టిన బస్తాను మంచి సరుకు దరి చేరనీయడు. గుమస్తా మరచెనన్న యజమాని రాత్రికి రాత్రి లేపి అడుగును. కందిపప్పు బస్తాకు ఇంత మర్యాద చేయువాడు పంచేంద్రియ జీవిని లెక్క లేకుండ లోపలికి తోలించుటను ఏమనవలెను? వాకిట ఒక చిట్టా, ఒక్కొక్క జీవునకు ఆవర్జాలో ఒక్కొక్క ఖాతా, ఇది శ్రావకునకు పుట్టుకతో వచ్చిన విద్యయే. వచ్చిన తేది, గంట, ఎవరు తెచ్చిరి, ఏ స్థితిలో వచ్చినది, చెవిపోగుమీద 12 అంకెల సంఖ్య యున్న అదియు, రంగు, కొమ్ముల తీరు, పళ్ళు చూచి వయస్సు, చూలుదా కాదా అన్నది, అన్నియు అందులో పడవలెను. పిమ్మట ఏ దినమున ఏ మందు, ఎంత, ఎవరి చేత.

పశువును చూచుటకు మొదటి ఘడియలో పెద్ద చదువు అక్కరలేదు. ముట్టె చెమ్మగా నున్నదా, పొడిగా నున్నదా? మెడమీది తోలు వ్రేళ్ళతో లాగి విడిచిన వెంటనే సర్దుకొనుచున్నదా, మడతగానే నిలిచినదా? నిలిచినచో ఒంటిలో నీరు లేదన్నమాట. క్రింది రెప్ప తిప్పి చూచిన ఎర్రదనమున్నదా, తెల్లబడినదా? ఎడమ డొక్కమీద పిడికిలి ఆనించి రెండు నిమిషములు నిలుచున్నచో లోపల కడుపు రెండు మూడుసార్లు అలవలె పొర్లుట తెలియును. తెలియకున్న నెమరు ఆగినది. జ్వరమాని పెట్టిన ఆవునకు 101.5 డిగ్రీలు సహజము, 103 దాటిన పశువైద్యునికి అప్పుడే కబురు పోవలెను. నోటిలో పుండ్లు, గిట్టల సందున పగుళ్ళు, పొదుగు వాపు, కట్టుత్రాళ్ళ ఒరిపిడి చూడవలెను. ఒక్క హెచ్చరిక ముఖ్యము. చొంగ కార్చుచు మ్రింగలేని పశువు నోటిలో ఏదో అడ్డుపడెనని చేయి పెట్టువారు కలరు. అది పిచ్చికుక్క కరచిన పశువు కావచ్చును. వైద్యుడు చూచువరకు ఆ చేయి పెట్టరాదు. ఈసుకుపోయిన ఆవు మాయను ఉత్తచేతులతో ముట్టరాదు. బ్రూసెల్లా యను రోగము దానివలన మనుష్యునకు అంటుకొని నెలల తరబడి జ్వరము తెచ్చును. పాంజ్రాపోలు పనివాడును పంచేంద్రియ జీవియే గదా.

క్రొత్తగా వచ్చిన జీవిని వేరు దొడ్డిలో నుంచుట అంటరానితనము కాదు, దయయే. గాలికుంటు రోగము ఒంటిలో చేరిన 2 మొదలు 14 దినములకు గాని బయటపడదు. లంపీ యని పేరుపడిన ముద్దచర్మ వ్యాధికి నాలుగు వారములు పట్టవచ్చును. ఈ ముద్దచర్మ వ్యాధి భారతదేశములో మొట్టమొదట బయటపడినది 2019లో, ఒడిశాలో. మూడేండ్లు తిరుగకుండ 2022లో గుజరాతు, రాజస్థానములలో వేలాది గోవులను పొట్టపెట్టుకొనెను. దోమలు, ఈగలు, పిడుదులు దానిని మోయును. అందుచేత 30 దినములు వేరు దొడ్డి, వేరు తొట్టి, వేరు పనివాడు. వేరు పనివాడు దొరకని చోట మంద పని ముగిసిన తరువాతనే ఆ దొడ్డి పని. గాలికుంటునకు ఆరు నెలలకొకసారి, గొంతువాపునకు ఏటేట వానకారు ముందు టీకా. ఇంతమాత్రమునకు జాగా లేదని చెప్పు పాంజ్రాపోలు క్రొత్త పశువులను చేర్చుకొనకుండుటయే మేలని చెప్పిన కొందరికి కోపము వచ్చును. ఐనను చెప్పవలసిన మాటయే. వాకిట లేదనుట కష్టము. లోపల పాత మందను చంపుకొనుట అంతకన్న కష్టము.

జ్ఞాతాధర్మకథలో మేఘకుమారుని పూర్వజన్మ కథ ఈ సందర్భమున జ్ఞప్తికి రావలెను. కార్చిచ్చు వచ్చినపుడు కాలెత్తి గోకుకొన్న ఏనుగు, ఆ కాలిచోట కుందేలు చేరుట చూచి, దానిని తొక్కకుండ రెండున్నర దినములు కాలెత్తియే నిలిచి కూలిపోయెను. కాలు ఎత్తిన సంగతి అందరికి గుర్తు. దానికి చాల ముందే, కార్చిచ్చు రాకమునుపే, ఆ ఏనుగు గడ్డి గాదము పెరికి మండలమంతయు శుభ్రము చేసి యుంచిన సంగతి ఎందరికి గుర్తున్నది? ఆ మండలమే లేకున్న కుందేలునకు చేరుటకు చోటు లేదు, కాలెత్తుటకు అవకాశమును లేదు.

గృహస్థుని అహింసాణువ్రతమునకు అతిచారములు అయిదు: బంధము, వధ, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. ఇవి బండివాడికిని, రైతుకును చెప్పినవని శ్రావకులు అనుకొనుచుందురు. పాంజ్రాపోలు లోపల నిలుచుండి ఇవే అయిదింటిని లెక్కించి చూడవచ్చును. పడుకొనుటకు సరిపోని పొట్టి పలుపు బంధము కాదా? వడగాలి దినములలో పెద్ద పశువు 50 లీటర్లకు మించి నీరు త్రాగును. తొట్టి మధ్యాహ్నమునకే అడుగంటినచో అది అన్నపాననిరోధము కాదా? బలమైన పశువులు కుమ్ముచుండగా కుంటిది తొట్టి దరి చేరలేకపోయినను అదే దోషము. అందుచేతనే కుంటివానికి, గ్రుడ్డివానికి, దూడలకు వేరు దొడ్లుండవలెను.

అన్నింటికన్న చిక్కు ప్రశ్న పుండులో పురుగులది. గాయముతో వచ్చిన ఆవు. మూడవ దినమున పుండులో పురుగులు లుకలుకలాడుచున్నవి. ఆవు పంచేంద్రియ జీవి, పురుగులును త్రసజీవులే. టర్పెంటైన్ నూనె పోసిన పురుగులు చచ్చును. పోయకున్న అవి ఆవును బ్రతికియుండగానే తినును. ఏరి విడిచినను అవి బ్రతుకునన్న భరోసా లేదు. కొందరు శ్రావకులు మునిమహారాజులను అడుగుదురు. ఆరంభకార్యమునకు అనుజ్ఞ ఇచ్చుట సాధుధర్మము కాదు గనుక వారు మౌనము వహింతురు. అప్పుడు భారము గృహస్థుని మీదనే పడును. సంకల్పీ, ఆరంభీ, ఉద్యోగీ, విరోధీ యని హింసను నాలుగు విధములుగా పెద్దలు విభజించిరి. గృహస్థుడు పూర్తిగా విడువవలసినది సంకల్పీ హింస. మిగిలినవానిలో యత్నముతో, పశ్చాత్తాపముతో మెలగవలెను. ఆవును రక్షింపబూనినవాని చేయి పురుగును చంపవలెనన్న సంకల్పముతో కదలుటలేదని కొందరు సమాధానపడుదురు. మరికొందరు పడలేరు, వారి వేదన కూడ గౌరవింపదగినదే.

కాని ఈ చర్చలో ఒక సంగతి జారిపోవుచున్నది. మూడవ దినమున రెండు జీవరాసులలో ఏది అను ప్రశ్న పుట్టినది. మొదటి దినమున అది లేదు. ఈగ పుండుమీద గ్రుడ్లు పెట్టిన ఒక దినములోపలనే పురుగులు వెలువడును. లారీ దిగిన రాత్రియే ఉప్పునీటితో గాయము కడిగి, మందు పట్టించి, గుడ్డ కట్టి, ప్రతి ఉదయము విప్పి చూచినచో ఈగ వ్రాలదు, పురుగు పుట్టదు, ఆవు బాధపడదు, ఎవరును చావనక్కరలేదు. పురుగులను చంపుటా మానుటా అని గంటలకొలది వాదించు సంఘము మొదటి రాత్రి అర గంట వెచ్చించలేదు. కడుపులోని ఏటిక పాములకు మందు పోయుట విషయములోను ఇంతే. పేడ ఎప్పటికప్పుడు తీసి, దొడ్డి పొడిగా నుంచి, తొట్టిలో పేడ పడకుండ చూచినచో మందు పోయవలసిన అవసరము చాల తగ్గును. పూర్తిగా పోదు, వైద్యుడు పేడ పరీక్షించి చెప్పినపుడు పోయవలసినదే.

దానము చేయువారి చేత కూడ జీవులు చచ్చుచున్నవన్న చెవికి కటువుగా నుండును. మహావీర జయంతి నాడు, పెండ్లిరోజులనాడు, పెద్దల తిథులనాడు కుటుంబములు పిల్లలతో వచ్చి అన్నము, బెల్లము, రొట్టెలు, లడ్డూలు గంపలకొలది పెట్టించును. ఆవు కడుపు గడ్డికి అలవాటుపడిన కడుపు. అందులోని కంటికి కనబడని సూక్ష్మజీవులు గడ్డిని మెల్లగా పులియబెట్టి అరిగించును. ఒక్కసారిగా అన్నము, బెల్లము పడినపుడు ఆ పులుపు మితిమీరును, నెమరు ఆగును, ఒంటిలోని నీరంతయు కడుపులోనికి గుంజుకొనును, ఒకటి రెండు దినములలో పశువు కూలును. పండుగ మరునాడు పశువైద్యుని రాక ఎందులకు ఎక్కువగునో ఏ పాంజ్రాపోలు గుమస్తానైనను అడుగవచ్చును. పిల్లవాని చేతికి గుప్పెడు పచ్చగడ్డి ఇచ్చి పెట్టించినను పుణ్యము తగ్గదు. మిగిలిన సొమ్ము జొన్నచొప్పకు జమ కట్టించవచ్చును.

మరియొకటి వర్తకులకు మరింత దగ్గరి సంగతి. వీధుల నుండి వచ్చు ఆవులలో చాలవాటి కడుపు బిగుసుకొని యుండును, మేత తినవు, చిక్కిపోవును. కోసి చూచిన పశువైద్యులు పదుల కిలోల ప్లాస్టిక్ సంచులు పైకి తీసినారు. అనంతపురం సీమలో, పుట్టపర్తి కరుణా సొసైటీవారు ఇట్టి ఆవులను చూచి చూచి, 2012లో ఈ బాధను సుప్రీంకోర్టు వరకు తీసికొనిపోయిరి. అరటితొక్కలు, వాడిన కూర ప్లాస్టిక్ సంచిలో వేసి ముడివేసి వీధిలో పారవేయగా ఆవు ముడి విప్పలేక సంచితోకూడ మ్రింగును. ఆ సంచి ఏ దుకాణము నుండి వచ్చినది? దుకాణములో సంచులు పంచి, పాంజ్రాపోలులో శస్త్రచికిత్సకు చందా వ్రాయువాని ఖాతాలో జమ ఎంత, ఖర్చు ఎంత అన్నది అతడే తేల్చుకొనవలెను.

పక్షుల సంగతి కొంచెము. ఢిల్లీలో ఎర్రకోట కెదురుగా నున్న దిగంబర జైన లాల్ మందిరములోని పక్షుల ఆసుపత్రి లోకప్రసిద్ధము. గాలిపటముల మాంజాదారమునకు, విద్యుత్ పంఖాలకు రెక్కలు తెగిన పావురములు, చిలుకలు అచటికి వచ్చును. మాంసాహారులైన గ్రద్దలవంటి వాటికి కట్టు కట్టి పంపుదురు గాని లోపల నుంచుకొనరు. నయమైన పక్షిని తెచ్చినవానికి తిరిగి ఇయ్యరు, ఆకాశమునకే విడుతురు. ఆకాశమునకు విడుచుట ఇచట వైద్యములో చివరి భాగము. చిన్న పట్టణముల సంఘములకు ఇంత ఆసుపత్రి సాధ్యము కాదు. గాలి ఆడు అట్టపెట్టె, మెత్తని గుడ్డ, చీకటి మూల, సంక్రాంతి దినములలో మేలుకొనియుండు ఒక పశువైద్యుడు, ఇంత మాత్రము సాధ్యమే.

చట్టము కూడ ఈ మార్గమునే చూపినది. 1960 నాటి జీవహింసా నివారణ చట్టము క్రింద మేజిస్ట్రేటు చికిత్సాలయమునకు పంపిన జీవిని, పని చేయుటకు లేదా విడుచుటకు తగియున్నదని పశువైద్యాధికారి పత్రము ఇచ్చిననే గాని బయటికి పంపరాదు. ఆ చట్టము క్రిందనే 1962లో జంతు సంక్షేమ మండలి మదరాసులో ఏర్పడెను, రుక్మిణీదేవి అరండేలు మొదటి అధ్యక్షురాలు. నేడు దాని కార్యాలయము హర్యానాలో నున్నది.

చివరకు నయము కాని జీవుల మాట. నడుము విరిగిన ఎద్దు, కొమ్ము క్యాన్సరు ముదిరిన ఎద్దు. సూది వేసి బాధ తీర్చుదమని వైద్యుడు ధర్మబుద్ధితోనే చెప్పును. పాంజ్రాపోలు ఒప్పుకొనదు, ఒప్పుకొనకుండుట దాని వ్రతము. ఐతే ఒప్పుకొననని చెప్పి మూల పడవేసినవానికి, చంపించినవానికి తేడా ఆ ఎద్దునకు తెలియదు. చంపము అన్నవాడు బాధ తగ్గించుటకు రెట్టింపు కట్టుబడియున్నాడు. మందముగా గడ్డి పరుపు, నీడ, నాలుగైదు గంటలకొకసారి ప్రక్క మార్చి పడుకొనబెట్టుట, నోటి దగ్గర నీరు, ఈగలు ముసరకుండ పలుచని గుడ్డ, వైద్యుడు చెప్పిన లెక్కకు నొప్పి మందు. రాత్రి రెండు గంటలకు లేచి ఎద్దును ప్రక్క మార్చు మనిషికి జీతమిచ్చుట పాలరాతి పలకకు ఎక్కదు గాని, ఏ ఆలయ శిఖరమునకును తీసిపోని దానము.

ఆ నొప్పి మందులోను జాగ్రత్త యుండవలెను. డైక్లోఫినాక్ అను మందు పశువులకు చౌకగా వాడుచుండిరి. ఆ మందు ఒంటిలో నుండగా చచ్చిన పశువును తిన్న రాబందుల మూత్రపిండములు చెడి అవి చచ్చెను. తెల్లనడుము రాబందులు 1990ల నుండి 2007 నాటికి నూటికి తొంబదితొమ్మిదికి మించి నశించినవి. 2006లో ప్రభుత్వము పశువులకు ఆ మందును నిషేధించెను. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ అను మరి రెండింటిని నిషేధించెను. మెలాక్సికామ్ రాబందునకు హాని చేయదు. అందుచేత మందుల బీరువా తాళము ఎవరి చేతిలో నున్నను, ఆ జీవుని ఖాతాలో చివరి పంక్తి వ్రాయునపుడు చనిపోయిన తేదితో పాటు చివర ఇచ్చిన మందు పేరు, దినము కూడ వ్రాయవలెను. కళేబరమును పూడ్చవలెనా, బయట వేయవచ్చునా అన్నది ఆ పంక్తి చూచియే నిర్ణయింతురు.